వంటింటి గుమ్మంలో నో పార్కింగ్

"ఇంక మీద మన ఏరియాలో ఏ మొగుడూ పెండ్లాన్ని ఒక్కడే కొట్టినట్ల కాదు! కొట్టిన ప్రతి దెబ్బలో ఇద్దురికీ వాటా ఉంటాది. ఎవురికెంత వాటా అనేది మేము తేలుస్తాము, సైంటిఫిక్‌గా!"

ఇన్‌స్పెక్టర్ దొడ్డప్ప గారు మైకులో ఈ మాట ప్రకటించగానే స్టేషను ఆవరణ చప్పట్లతో మారుమోగింది. మొదటి చప్పట్లు నావే. మా కాలనీ లేఅవుట్ అసోసియేషన్ సెక్రటరీని, పైగా స్టేషను శాంతి కమిటీలో మెంబర్ని. చప్పట్లు ఎప్పుడు మొదలెట్టాలో నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. మర్నాడు పేపర్లో వచ్చిన ఫోటోలో నా మోచెయ్యి మాత్రమే పడింది. దానికి నేనేమీ అనుకోలేదు. ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడ్డం మానేశాను, అంతే.

ఈ స్టేషను మా నగరం శివార్లలో, కాడుగోడికీ హూడికీ మధ్య ఎక్కడో ఉంది. పేరు రాయను. ఇంత గొప్ప అధికారి తమ స్టేషన్లోనే ఉన్నాడేమో అనుకుని ఆనందించే అవకాశం పాఠకులందరికీ ఉండాలి కదా.

దొడ్డప్ప గారిది కోలారు వైపు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, కోపమొస్తే ఇంగ్లీషు. ఉద్యోగంలో చేరింది మొదలు మొన్నటి దాకా ట్రాఫిక్‌లోనే ఉన్నారు. ప్రమోషన్ మీద లా అండ్ ఆర్డర్‌కి వచ్చారు. చొక్కా తెలుపు నుంచి ఖాకీకి మారింది గాని మెడలో విజిల్ అలాగే ఉండిపోయింది. స్టేషను వరండాలో నడిచినా ఎడమ పక్కనే నడుస్తారు. ఎదురుగా ఎవరైనా కుడి పక్కన వస్తే ఆగి, చేత్తో పక్కకి చూపిస్తారు.

ఆయనకి ముందున్న అధికారులు ఏం చేసేవారో చెబితే మీరు సిగ్గుపడతారు. ఇంట్లో కొడుతున్నాడని ఏ ఆడమనిషైనా ఫోన్ చేస్తే వెళ్ళి, మొగుణ్ణి ఓ కసురు కసిరి, "స్వల్ప అడ్జస్ట్ చేసుకోమ్మా" అని ఆవిడకి చెప్పి, కాఫీ తాగి వచ్చేసేవారు. ఒక పద్ధతీ పాడూ లేని పని! దొడ్డప్ప గారు అలా కాదు. ఆయన సిద్ధాంతంతో వెళతారు.

"రోడ్డు మింద రెండు బండ్లు గుద్దుకుంటే ఏం చేస్తామప్పా?" అన్నారు నాతో. "ఎవురు యాడ నిలబడుండారు, ఎవురు యాడనుంచి వచ్చినారు, ఎవురికెంత డ్యామేజీ, చూసి వాటా పంచుతాము. సంసారమూ అంతే. రెండు బండ్లు, ఒకటే రోడ్డు."

ఇంత సూటి విషయం మనదేశంలో ఇంతవరకూ ఎవరికీ తట్టకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

మొదటి కేసు ఆదివారం పొద్దున వచ్చింది. మా వీధిలోనే, మునివెంకటమ్మ ఇంట్లో మేడ మీద పోర్షన్. మునివెంకటమ్మ పాతకాలపు మనిషి. ఈ లేఅవుట్ అంతా రాగిచేలుగా ఉన్నప్పటి నుంచీ ఇక్కడే ఉంది. పోర్షన్‌లో అద్దెకున్నది అమరనాథ్, అర్చన. అతను బెళ్ళందూరులో ఒక ఆఫీసుకి ఫెసిలిటీ సూపర్‌వైజరు. ఆమె కదిరి పిల్ల, హూడిలో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. శాంతి కమిటీ మెంబరు హోదాలో నేనూ జీపెక్కాను.

అర్చన కుర్చీలో కూర్చుని చెంపకి ఐసుముక్కల గుడ్డ అదిమి పట్టుకుని ఉంది. ఒక కన్ను సగం మూసుకుపోయింది. అమరనాథ్ సోఫాలో కూర్చుని తన కుడిచేతిని తనే ఓదార్చుకుంటున్నాడు. గదంతా మందు వాసన. దొడ్డప్ప గారు వాళ్ళ మొహాలు చూడలేదు. నిష్పక్షపాతంగా నేల చూశారు.

"గుద్దుకున్న స్పాట్ యాడ?"

"సార్?" అంది అర్చన.

"దెబ్బ తగిలినప్పుడు నువ్వు యాడ నిలబడుండావు తల్లీ?"

"వంటింటి గుమ్మంలో సార్."

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి గుమ్మంలో గుండ్రంగా గీశారు. టేపు తీసి గుమ్మం వెడల్పు కొలిచారు. తర్వాత నావైపు తిరిగి తల అడ్డంగా ఊపారు. ఆ ఊపుడులో ఎంత అనుభవం!

"గుమ్మం అంటే రాకపోకల జాగా. ఆడ నిలబడితే నో పార్కింగ్ కదమ్మా?"

"కూర మాడుతుందని చూస్తున్నా సార్. వెనక నుంచి వచ్చి జుట్టు పట్టుకుని తిప్పి కొట్టాడు."

"తిప్పినాడు. అంటే గుద్దేటప్పటికి ఎదురెదురు. హెడ్ ఆన్." మహిళా కానిస్టేబుల్ నేత్రావతికి రాసుకోమని సైగ చేశారు. "హారన్ కొట్టినావా?"

"అంటే?"

"అరిచినావా అని."

"దెబ్బ పడ్డాక అరిచాను సార్."

"ముందర కొట్టల్ల హారన్. గుద్దినాక కొడితే అది సౌండ్ పొల్యూషన్."

అంతలో అమరనాథ్ చెయ్యి చాపాడు. "సార్, నన్ను కూడా చూడండి సార్. కరిచింది. బ్లడ్ వచ్చింది."

దొడ్డప్ప గారి మొహం వెలిగిపోయింది. ఇప్పటిదాకా ఒక్క బండికే డ్యామేజీ ఉండి సిద్ధాంతం కుంటుతోంది. ఇప్పుడు రెండు కాళ్ళ మీద నిలబడింది.

"నోరూ ముక్కూ కలిపి మూసి పట్టుకున్నాడు సార్," అంది అర్చన. "ఊపిరాడలేదు. చచ్చిపోతాననుకున్నా. అందుకే కరిచా."

"అది కారణమమ్మా. మనం చూసేది డ్యామేజీ." ఆయన స్కేలు తీసి పంటిగాటు లోతు చూశారు. "నీది వాపు. రెండ్రోజుల్లో దిగిపోతాది. ఇతనిది గాటు. మచ్చ నిలబడతాది. బాడీకి సొట్ట పోతే తట్టి తీయొచ్చు, గీత పడితే పెయింట్ పోయినట్లే కదా?"

మేడమెట్ల మీద నిలబడి చూస్తున్న మునివెంకటమ్మకి ఇక ఓపిక పట్టలేదు.

"ఏమప్పా, రోడ్డు మింద లారీ పొయ్యి స్కూటర్‌ను గుద్దితే జనం ఎవుర్ని పట్టుకుంటారు? లారీవాణ్ణే కదా! ఈయప్ప చూడు, లారీ మాదిరి ఉండాడు. ఆ పాప సైకిలు కూడా కాదు."

"అది పబ్లిక్ సెంటిమెంట్ అవ్వా, లా కాదు," అన్నారు దొడ్డప్ప గారు సౌమ్యంగా.

"సార్, బాగా తాగుండాడు," అని నేత్రావతి గుర్తుచేసింది.

తాగి ఉండడం అన్న మాట వినగానే ఆయన పాత ఉత్సాహం పొంగింది. జీపులోంచి గొట్టం తెప్పించి అమరనాథ్ చేత ఊదించారు. అది కుయ్యిమంది. ఆ చప్పుడు ఆయనకి ఎంత ఇష్టమో మొహం చూస్తే తెలుస్తుంది. కాని వెంటనే దిగులు కమ్మింది. డ్రైవింగ్ ఎక్కడుంది? మనిషి నడిచే కదా వచ్చి కొట్టాడు! కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"తాగినోనికి కంట్రోల్ ఉండదు," అన్నారు కళ్ళు తెరిచి. "అంటే బ్రేకు ఫెయిలైన బండి. బ్రేకు ఫెయిలైన బండి వస్తా ఉంటే చూసినోళ్ళు తప్పుకోవల్ల. తప్పుకునే చాన్సు ఎవురికి ఉండె? తాగనోళ్ళకి."

తీర్పు వచ్చేసింది. అర్చన వాటా నూటికి అరవై. అమరనాథ్‌కి ముప్పై. మిగిలిన పదీ గుమ్మానికి, ఇరుగ్గా ఉన్నందుకు. గుమ్మం ఓనరు మునివెంకటమ్మకి అక్కడికక్కడే హెచ్చరిక. ఆమె అన్న మాటలు పత్రికలో అచ్చువేయడానికి వీలుకానివి.

అర్చన లేచి నిలబడింది. "సార్, నాకు వాటాలొద్దు. మళ్ళీ కొడతాడు. మీరు వెళ్ళగానే కొడతాడు. ఈ ఇంట్లో భయం లేకుండా ఒక్క పూట నిద్రపోవాలని ఉంది, అంతే. కేసు పెట్టండి, లేకపోతే అతన్ని బయటికైనా పంపండి."

"అరవై వాటా ఉండేవాళ్ళు ముప్పై వాటా వాని మింద కేసు ఎట్ల పెడతారమ్మా? నువ్వే చెప్పు. స్పాట్ కాంప్రమైజ్ చేసుకోండి. ట్రాఫిక్ జామ్ కాకూడదు."

ఇద్దరి చేతులూ కలిపించారు. అమరనాథ్ పంటిగాటున్న చెయ్యి కాకుండా రెండో చెయ్యి ఇచ్చాడు. ఆ పిల్ల మొహం చూస్తే నాకు జాలేసింది. ఆ మాట దాచను. కాని జాలికి స్కేలు పెట్టి కొలవలేం కదా, అందుకే దాన్ని వాటాల్లోకి తీసుకోరు.

తర్వాత ఒకనాడు కూరగాయల బండి దగ్గర అర్చన నన్ను పలకరించింది.

"అంకుల్, మీకు రూల్స్ అన్నీ తెలుసు కదా. రోడ్డు మీద నడిచే మనిషిని బండి గుద్దితే వాటా ఎంత?"

నా పరిజ్ఞానం మీద ఒకరికి ఇంత నమ్మకం ఉండడం నాకు సంతోషం కలిగించింది. "చూడమ్మా, రోడ్డు మధ్యలో ఉంటే సగం సగం. జీబ్రా క్రాసింగ్ మీద ఉంటే మాత్రం నడిచే మనిషి వాటా సున్నా. దొడ్డప్ప గారు ఈ విషయంలో దేవుణ్ణయినా వదలరు," అని చెప్పాను. ఆమె థ్యాంక్స్ చెప్పి, బెండకాయలు మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఓ సాయంత్రం. అమరనాథ్ చెయ్యెత్తాడు. అర్చన గుమ్మంలో పార్కింగ్ చేయలేదు, హారన్ కొట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, వీధి దాటి, స్టేషను ఎదుట మెయిన్ రోడ్డు మీదున్న జీబ్రా క్రాసింగ్ మధ్యలో నిలబడింది. వెనకే అతను వచ్చాడు. అందరూ చూస్తుండగా ఒక్కటిచ్చాడు.

విజిల్ వినిపించింది. నేను స్టేషను మెట్ల మీదే ఉన్నాను కాబట్టి కళ్ళారా చూశాను. దొడ్డప్ప గారు టీ గ్లాసు ఎక్కడ పారేశారో తెలియదు, ఎగిరి రోడ్డు మధ్యలో పడ్డారు.

"జీబ్రా మింద! పాదచారి మింద! లైసెన్స్ తీ!"

"సార్, నేను నడిచొచ్చాను సార్!" అన్నాడు అమరనాథ్.

"లైసెన్స్ లేకుండానే వచ్చినావా!"

ఇంట్లో జుట్టు పట్టుకున్నా, ఊపిరి ఆపినా కదలని చట్టం అరగంటలో పని ముగించింది. అర్చన వాటా సున్నా. అమరనాథ్‌కి నూటికి నూరు. కేసు, లాకప్పు, మర్నాడు కోర్టు. ఆ పిల్ల ఆ రాత్రి పడుకుంటే మర్నాడు ఎండెక్కినా లేవలేదని, తలుపు కొట్టడానికి మనసొప్పక తనే పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి సెలవు చెప్పానని మునివెంకటమ్మ నాతో అంది. చెబుతూ కళ్ళు తుడుచుకుంది. దొడ్డప్ప గారి న్యాయం అంతటిది మరి.

మంచి విషయం దాగదు. మర్నాటి సాయంత్రం జీబ్రా మీద ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఆ మర్నాటికి గుంపయ్యారు. లాప్‌టాప్ బ్యాగుతో ఆఫీసు బస్సు దిగి నేరుగా వచ్చినామె, పూలబుట్టతో ఒకామె, ఇస్త్రీ బండి వదిలేసి ఒకామె. ఎవరూ రోడ్డు దాటరు. ఊరికే నిలబడతారు. మొదట్లో గీతల మీద చెయ్యెత్తి లాకప్పుకెళ్ళిన నలుగురైదుగురిని చూసి, మిగిలిన మొగుళ్ళు ఫుట్‌పాత్ దాకా వచ్చి, గీతలు చూసి, పళ్ళు నూరుకుని, మొక్కజొన్నపొత్తు కొనుక్కుని తిరిగి వెళతారు. మొక్కజొన్నల బండ్లు అక్కడ అలా వెలిశాయి.

ట్రాఫిక్ హూడి దాకా ఆగిపోయింది. పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రోడ్డు మీద ఇన్ని ప్రమాదాలు ఎందుకు నమోదవుతున్నాయని అడిగారు. దొడ్డప్ప గారు సమస్య మూలానికే వెళ్ళారు. ఓ తెల్లవారుజామున నల్లరంగు తెప్పించి జీబ్రా చెరిపించేశారు. క్రాసింగే లేకపోతే క్రాసింగ్ మీద ప్రమాదం ఎలా జరుగుతుంది? నేను మళ్ళీ చప్పట్లు కొట్టాను. ఈసారి ఒక్కడినే.

అమరనాథ్ బెయిలు మీద బయటికొచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

"నా ఇల్లు, నా అద్దె," అంటూ మేడెక్కాడని, అర్చన ఫోన్ చేసిందని తెలిసి జీపు బయల్దేరింది. మేం మెట్లెక్కేసరికి అతను ఆమె మణికట్టు మెలిపెట్టి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి గాని అరవడం లేదు. దొడ్డప్ప గారు విసురుగా లోపలికి అడుగేసి, టక్కున ఆగిపోయారు. వెనక నేను ఆయన వీపుకి గుద్దుకున్నాను.

గుమ్మానికి అటూ ఇటూ నేల మీద ముగ్గుపిండితో తెల్లటి పట్టీలు. లావుగా, తిన్నగా, సమానమైన సందులతో.

"ఇదేమి?" అన్నారాయన.

"జీబ్రా సార్," అంది అర్చన.

"ఇంట్లోనా? ఎవురు పర్మిషన్ ఇచ్చినారు?"

"మా ఇంట్లో మేము ముగ్గేసుకునేదానికి ఎవురి పర్మిషన్ కావల్లప్పా?" అంది మునివెంకటమ్మ వెనక నుంచి. "గుమ్మం ఇరుకుగా ఉండాదని నాకు వాటా వేస్తివి కదా. సరి చేసుకుంటిమి."

దొడ్డప్ప గారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. టేపు తీసి పట్టీ కొలిచారు. సందు కొలిచారు. ఇంకో పట్టీ కొలిచారు. లేచేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"కార్పొరేషన్ కాంట్రాక్టర్లు కూడా ఇంత కరెక్టుగా వేయలేదప్పా నా సర్వీసులో!"

ఆయన లోపల ఏదో పెద్ద యుద్ధం జరుగుతోందని నాకు అర్థమైంది. ఒక పక్క ఇల్లు, ఒక పక్క గీతలు. ఎటు మొగ్గేవారో చెప్పలేను. అమరనాథే తొందరపడ్డాడు.

"సార్, ఏంటి సార్ ఇది కామెడీ! ఇది ముగ్గు సార్. పిండి!" అంటూ కాలితో ఒక పట్టీని బరబరా తుడిచేశాడు.

అంతే. ఆ గదిలో విజిల్ మోగితే చెవులు చిల్లులు పడ్డాయి. ఆమె మణికట్టు మెలిపెట్టడం ఇంటి గొడవ కావచ్చు, వాటాలుండొచ్చు. రోడ్డు గుర్తు చెరపడానికి వాటాల్లేవు. నల్లరంగు విషయం నాకు గుర్తొచ్చింది గాని, అది ఆఫీసు పని కాబట్టి వెంటనే మర్చిపోయాను. అమరనాథ్‌ని మెట్ల మీద ఎడమ పక్కగా నడిపించుకుంటూ తీసుకుపోయారు. బెయిలు రద్దయింది. నేత్రావతి వెనకబడి అర్చనతో ఏదో మాట్లాడుతూ ఆగిపోయింది. కిందకి వచ్చేటప్పుడు ఆమె చేతిలో కాగితం పొట్లం కట్టిన ముగ్గుపిండి ఉంది.

ఆ నెల మా లేఅవుట్‌లో చుక్కల ముగ్గులు మాయమయ్యాయి. ఏ గుమ్మం ముందు చూసినా అడ్డంగా తెల్లపట్టీలే. అపార్ట్‌మెంట్లలో ముగ్గుపిండి దొరక్క మైదాపిండితో వేశారు. కాడుగోడి మార్కెట్లో ముగ్గు అమ్మేవాళ్ళు "జీబ్రా పిండి" అని బోర్డులు పెట్టుకున్నారు. మొగుళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి గీత దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి, చెయ్యి జేబులో పెట్టుకుని నెమ్మదిగా దాటడం నేర్చుకున్నారు. కొందరైతే అటూ ఇటూ కూడా చూసేవారు. అర్చన అదే పోర్షన్‌లో ఉంది. ఇప్పుడు అద్దె ఆమె పేరు మీదే. డ్యూటీ నుంచి వస్తూ రెండు వీధుల అవతల వాళ్ళకి పట్టీలు వేయడం నేర్పుతోందని విన్నాను.

స్టేషనుకి ఇంటి గొడవల ఫోన్లు ఆగిపోయాయి. పై ఆఫీసు ఆశ్చర్యపోయి, బాధ్యతని సైంటిఫిక్‌గా పంచినందుకు దొడ్డప్ప గారికి షీల్డు ఇచ్చింది. సభలో ఆయన మాట్లాడుతూ "ఇదంతా సిద్ధాంతం గొప్పతనం, నాది కాదు," అన్నారు. అంత వినయం ఎంతమందికి ఉంటుంది?

ఆ రోజు జనం ఎక్కువై నా దండ ఆయన మెడదాకా వెళ్ళలేదు. అందుకని మర్నాడు పొద్దున్నే మైసూర్‌పాక్ డబ్బా, కొత్త దండ పట్టుకుని పోలీసు క్వార్టర్స్‌కి వెళ్ళాను. ఇంటి ముందు కళ్ళాపి చల్లి ఉంది. ఆ తడి మీద గుమ్మానికి అడ్డంగా తెల్లపట్టీలు, లావుగా, తిన్నగా. దొడ్డప్ప గారు నిన్నటి యూనిఫారంలోనే, షీల్డు చంకలో పెట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, పట్టీలకి ఇవతల నిలబడి ఉన్నారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కుక్కర్ విజిల్ వేస్తోంది.

"నమస్కారం సార్. లోపలికి వెళదామా?" అన్నాను.

"ఉండప్పా," అన్నారాయన తలుపు మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా సిగ్నల్ పడలా."

నేను దండ చేత్తో పట్టుకుని ఆయన పక్కనే, కాస్త ఎడమగా నిలబడ్డాను.